పాత బండిని నమ్మవచ్చునా?

“నమ్మి చెడినవారు లేరు” అను లోకోక్తి మన యిండ్లలో తరతరములుగా వినబడుచున్నది. పెద్దలు దానిని దైవమును గూర్చి చెప్పిరి. మనమో, దానిని వైద్యునికిని, వ్యాపారములోని భాగస్వామికిని, తుదకు ఇంటి ముందు నిలిచియున్న మోటారు బండికిని గూడ వర్తింపజేసికొన్నాము. నమ్ముట యెల్లప్పుడును సద్గుణమేనా? లేక కొన్ని సమయములలో నమ్మకమనునది, చూడవలసిన దానిని చూడకుండుటకై మనము కప్పుకొను ముసుగా? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో ఎదురు కాలేదు. ఒక పాత వ్యాను క్రింద, గోనెసంచి పరచుకొని పరుండి యుండగా ఎదురైనది. కావున ఆ బండి కథతోనే ఆరంభించెదను.

మా కుటుంబమున 1990ల నాటి చిన్న డీజిలు వ్యాను ఒకటి కలదు. మొదట అది తోటకును ఇంటికిని తిరిగినది. పిదప పెండ్లిండ్లకును తిరునాళ్లకును బంధువులను మోసినది. రిజిస్ట్రేషను కాలము పదునైదేండ్లు నిండిన తరువాత, ఐదేండ్లకొక మారు తనిఖీ జరిపించి దాని ఆయువును పొడిగించుచు వచ్చితిమి. కొన్నియేండ్ల క్రిందట వెనుక సీట్లను తీసివేసి, పగలు కూర్చుండుటకును రాత్రి పరుండుటకును పనికివచ్చు రెండు బల్లలు, చిన్న వంట అరుగు, ఎనుబది లీటర్ల నీళ్ల తొట్టి అమర్చి, ఆ మార్పును రవాణా కార్యాలయమున నమోదు చేయించితిమి. అది భవనము కాదు. నలుగురు సర్దుకొని ప్రయాణము చేయదగిన కదలెడి గది మాత్రమే.

ఆ బండిలో గండికోటకు పోవలెనని మా పెద్దమ్మ కోరిక. కోయంబత్తూరు, మధుర ప్రాంతములలోని మన కుటుంబములలో చాలవానికి, మూలస్థానమేదియని యడిగినచో, ఏదో యొక తెలుగు కోట పేరు చెప్పు వాడుక కలదు. విజయనగర సేనలతో కొందరు, మధుర నాయకుల కొలువునకు కొందరు, పదునేడవ శతాబ్ది నడుమ గండికోట మీర్ జుమ్లా వశమైన తరువాత మరికొందరు వచ్చిరని చెప్పుకొందురు. ఈ కథలలో ఎంతవరకు చరిత్రయో ఎంతవరకు కథయో ఇంటింటికి తేల్చుట కష్టము. కాని ఎనుబది రెండేండ్ల మా పెద్దమ్మకు ఆ సందేహము లేదు. పెన్నానది రెండు కొండల నడుమ చీల్చుకొని పారెడి ఆ లోయను చూడవలెను, మాధవరాయ స్వామి గుడి ముందు ఒక్కమారు నిలువవలెను, అంతియే. బస్సులలో ఆమె కూర్చుండలేదు. రైలు దిగి మరల వాహనము మారుట ఆమెకు చేతకాదు. నడుము నొచ్చినప్పుడు పరుండగల బండి కావున మా పాత వ్యానే ఆమెకు తగినదని అందరము నిశ్చయించితిమి.

దారి ఆరువందల కిలోమీటర్లకు పైబడినది. అవినాశి మీదుగా సేలము. అచట మధురనుండి దిండిగల్లు, కరూరు, నామక్కల్లు మీదుగా కారులో వచ్చెడి బంధువులు మమ్ము కలిసికొందురు. పిదప తొప్పూరు కనుమ యెక్కి ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు, బెంగుళూరు, అచటినుండి రాయలసీమ. ఈ మార్గమున తొప్పూరు కనుమను లారీ డ్రైవర్లందరు ఎరుగుదురు. సేలమునుండి పోవునప్పుడు అది ఇంజనుకు పరీక్ష. ధర్మపురినుండి దిగివచ్చునప్పుడు బ్రేకులకు పరీక్ష. ఆ దిగుడులో బ్రేకులు పట్టక ముందరి వాహనములపై బడిన లారీల వార్తలను మనము ఏటేటను పత్రికలలో చదువుచునే యున్నాము.

ప్రయాణమునకు పది దినముల ముందు బండిని మేస్త్రి యొద్దకు తీసికొనిపోతిని. ఆయన ఇంజనును ఆర్పి, బ్రేకు పెడలుమీద కాలుంచి, ఒత్తి పట్టి, మాటలాడక నిలిచెను. పెడలు మొదట గట్టిగానే నిలిచి, పిదప నూనెలో మునుగు చెంచావలె మెల్లమెల్లగా క్రిందికి దిగెను. “ఇది ఎన్ని నాళ్లనుండి?” అని యడిగెను. “రెండు మారులు త్రొక్కినచో నిలుచుచున్నది గదా!” అని నేను బదులు చెప్పితిని. ఆయన అడిగిన ప్రశ్నకది జవాబు కాదు. నాకును ఆ సంగతి తెలియును.

పెడలు అట్లు దిగుటకు కారణమును ఆయన వివరించెను. మాస్టరు సిలిండరులోని రబ్బరు గిన్నె అరిగినప్పుడు నూనె ఒత్తిడి లోలోపలనే తప్పించుకొనును. బయట ఒక్క చుక్కయు కారదు. రెండవ మారు త్రొక్కినప్పుడు మరల నూనె నిండి, పెడలు గట్టిపడినట్లు తోచును. మరియు ఆ బ్రేకు నూనెకు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలదు. అందుచేతనే రెండేండ్లకొక మారు దానిని మార్చవలెనందురు. తేమ చేరిన నూనె తక్కువ వేడికే మరుగును. దీర్ఘమైన దిగుడులో బ్రేకులు వేడెక్కగా నూనె మరిగి ఆవిరియగును. ద్రవము ఒత్తిడికి లొంగదు గాని ఆవిరి లొంగును. అప్పుడు పెడలు నేలకు తగులును, బండి నిలువదు. ఊరిలోని తిన్నని దారిలో పదినెలలు బయటపడని దోషము, తొప్పూరు దిగుడులో పది నిమిషములలో బయటపడును.

ఆ పాత నమూనాకు సరియైన భాగము కోయంబత్తూరులో దొరకలేదు. తెప్పించుటకు రెండు వారములు పట్టునని తేలినది. ముహూర్తము పెట్టుకొంటిమి, మధుర బంధువులు సెలవులు తీసికొనిరి. మా బావ ఒక ఉపాయము చెప్పెను: “పోవునప్పుడు ఎక్కుడే గదా, బెంగుళూరు వరకు పోయి అచట బాగుచేయించుకొందము. ఇన్నేండ్లలో ఈ బండి మనలను ఎన్నడైన నడిదారిలో దింపినదా?” ఆ మాట నాకెంత యింపుగా నుండెనో చెప్పలేను. నాకు కావలసిన జవాబు అదియే. అప్పుడు అరుగుమీద కూర్చున్న పెద్దమ్మ వైపు చూచితిని. ఆమె, “నువ్వు చూసినావు కదా నాయనా, ఇంకేమి?” అనెను.

ఆ ఒక్క వాక్యము నా యింపునంతను చెరిచినది. ఆమె బండిని నమ్మలేదు. ఆమెకు మాస్టరు సిలిండరన్న నేమో తెలియదు. ఆమె నమ్మినది నా చూపును. నేను చూచియుందునని నమ్మినది. నేనో, చూడకుండుటకు పదినెలలుగా శ్రమపడుచుంటిని.

ఇంగ్లండు దేశమున విలియం కింగ్డన్ క్లిఫర్డ్ అను గణితశాస్త్రజ్ఞుడు 1877లో నమ్మకముయొక్క నీతిని గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. అందు ఆయన ఒక ఓడ యజమాని కథను కల్పించెను. ఓడ పాతది, మరమ్మతులు కావలసినది. అందులో, స్వదేశమును విడిచి మంచి బ్రతుకును వెదకుకొనుచు పోవు కుటుంబములు ఎక్కవలసియున్నవి. యజమానికి సందేహము కలుగకపోలేదు. కాని ఓడను విప్పి చూపించుట ఖర్చుతో గూడిన పని. ఇన్ని తుపానులను దాటివచ్చినది, ఈ మారును దాటకపోదు అని తనకు తాను చెప్పికొనెను. ఇందరు దీనులను దైవము కాపాడకుండునా అని తలచెను. క్రమముగా ఆ సందేహమును అణచి, మనఃపూర్వకముగానే నమ్మెను. ఓడ నడి సముద్రమున మునిగెను. ఆయన భీమా సొమ్ము పుచ్చుకొని ఊరకుండెను.

క్లిఫర్డు చెప్పిన తీర్పులో రెండంశములు గమనింపదగినవి. మొదటిది: యజమాని మోసగాడు కాడు, తాను నమ్మినదానినే చెప్పెను. ఐనను దోషియే. ఏలయన, అట్లు నమ్ముటకు ఆయనకు హక్కు లేదు. పరీక్షవలన పొందవలసిన నమ్మకమును సందేహమును అణచుటవలన పొందెను. రెండవది మరింత కఠినమైనది: ఆ ఓడ మునుగక క్షేమముగా చేరియుండినను ఆయన దోషము ఇసుమంతయు తగ్గదు. అప్పుడు ఆయన నిర్దోషి యగుట లేదు, దొరకకపోవుట మాత్రమే.

మన వారిలో ఎందరమో ఈ రెండవ అంశమును ఒప్పుకొనము. “ఏమియు కాలేదు గదా” అనునది మనకు అన్నిటికిని తుది తీర్పు. కాని ఆలోచించి చూడుడు. దారిలో ఎదురైన అదృష్టము నా సొమ్ము కాదు. బయలుదేరుటకు ముందు చూడకుండుట మాత్రము నా చేత.

ఇందులకు ఆక్షేపణ లేకపోలేదు. అన్నియు తెలిసికొన్న తరువాతనే కదలవలెనన్నచో మనుష్యుడు గడప దాటడు. మన పూర్వులు రాయలసీమను విడిచి కావేరిని దాటినప్పుడు ఏ హామీపత్రమును చేతబట్టుకొని బయలుదేరిరి? అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్సు 1896లో క్లిఫర్డుకు ఇట్టి ప్రత్యుత్తరమునే ఇచ్చెను. కొన్ని విషయములలో నమ్మకము ముందు, నిదర్శనము తరువాత అని ఆయన వాదము. ఒకడు నాకు స్నేహితుడగునా యని ఋజువుకొరకు వేచియున్నచో స్నేహమే కుదురదు. నమ్మి చేయి చాచినప్పుడే ఆ స్నేహము సత్యమగును.

జేమ్సు చెప్పినది నిజము. కాని అది ఎచ్చట నిజమో తెలిసికొనవలెను. స్నేహితుడు నా నమ్మకమును గుర్తించి దానికి తగినట్లు నడచుకొనును. అరిగిన రబ్బరు గిన్నెకు నా నమ్మకము వినబడదు. కావున ఎచ్చట నా విశ్వాసము ఫలమును తెచ్చుటలో పాలుపంచుకొనునో, ఎచ్చట తప్పిదము వలని నష్టము నా మీదనే పడునో, అచ్చట ముందు నమ్మి పిదప చూడవచ్చును. ఎచ్చట వస్తువు నా విశ్వాసమును లెక్కచేయదో, ఎచ్చట ఇతరుల ప్రాణము నా చూపుమీద ఆనియున్నదో, అచ్చట ముందు చూచి పిదప నమ్మవలెను.

మన కోయంబత్తూరునందే ఈ రెండవ మార్గమునకు గొప్ప నిదర్శనము కలదు. 1893లో కలంగల్ గ్రామమున తెలుగు కుటుంబమున జనించిన జి. డి. నాయుడుగారు మోటారు సైకిలును చూచి మోహించి, హోటలులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దానిని కొని, విప్పి, మరల కూర్చి యంత్రవిద్య నేర్చిరని ప్రసిద్ధి. 1920లో పొల్లాచి, పళని నడుమ ఒక్క బస్సుతో ఆయన ఆరంభించిన వ్యాపారము పెద్ద రవాణా సంస్థగా పెరిగినది. ఆయనకు యంత్రముపై నమ్మకము లేకుండెనా? మిక్కిలి యుండెను. కాని అది విప్పి చూచినవాని నమ్మకము. విప్పి చూచినవాడు యంత్రమును తక్కువగా ప్రేమించడు. ప్రతి మర యొక్క బలహీనతను ఎరిగి ప్రేమించును.

అన్నిటిని విప్పి చూచుట మనబోటివారికి సాధ్యము కాదు గదా యని యడుగవచ్చును. ఆ మాట న్యాయమే. అందులకై ఆ మేస్త్రి చెప్పిన పద్ధతినే నేను నీతిసూత్రముగా గ్రహించితిని. ఒక నోటు పుస్తకమున మూడు వరుసలు గీయుమనెను. మొదటిది “చూచితిని”, రెండవది “తెలిసినవానికి చూపించితిని”, మూడవది “అనుకొంటిని.” బండిలోని ప్రతి వస్తువును ఈ మూటిలో ఏదో యొక వరుసలో వ్రాయవలెను.

ఆ రాత్రి వ్రాసితిని. మూడవ వరుస పుట నిండి, రెండవ పుటకు సాగెను! మరునాటినుండి ఒక్కొక్కటిగా మొదటి రెండు వరుసలకు తరలింప మొదలిడితిని. స్టెప్నీ టైరు ఒక్కనాడును నేల త్రొక్కలేదు, క్రొత్తదానివలె నిగనిగలాడుచుండెను, దానిని గూర్చి నాకు సందేహమే లేకుండెను. ప్రక్కగోడమీద నాలుగంకెలు కలవు, చూడుమని మేస్త్రి చెప్పెను. మొదటి రెండంకెలు తయారైన వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. మా దానిమీద 3511 అని యుండెను. అనగా 2011వ సంవత్సరము ముప్పదియైదవ వారము. వాడకపోయినను రబ్బరు ముసలిదగును. వాడని వస్తువు చెడదను భ్రమ నాకు ఆనాటితో తొలగినది.

వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో పైకి పోక నేలమట్టమున నిలుచును. కావున గాలిరంధ్రము పైన నున్న చాలదు, అడుగునను ఉండవలెను. మా బండిలో పైన మాత్రమే యుండెను. గొట్టపు అతుకులకు సబ్బునీరు పూసి బుడగలు వచ్చునేమో చూచితిమి. రేడియేటరు గొట్టములను ఒత్తి చూచితిమి. ఒకటి పెళుసుబారి యుండెను. లోపలి దీపములకు, విసనకఱ్ఱకు వేరుగా నమర్చిన బ్యాటరీ తీగెకు ఫ్యూజు లేదని తేలినది. తీగె ఒరిసికొని తగులుకొన్నచో పడకబల్ల క్రిందనే నిప్పు పుట్టెడిది.

పిదప సామానులన్నియు సర్ది, అందరిని కూర్చుండబెట్టి, బండిని తూకము వేయించితిమి. లీటరు నీరు కిలో బరువు. తొట్టి నిండినచో ఎనుబది కిలోలు, అనగా ఇంకొక మనిషి. పత్రములోని పరిమితిని నూటపది కిలోలు దాటియుంటిమి! ఏమి దింపవలెనని ఇంటిలో పెద్ద చర్చ. ఇత్తడి గుండిగ, రెండవ గ్యాసు పొయ్యి, మడత కుర్చీలు, మా బావగారి తాటిచాపల కట్ట దిగినవి. తొట్టిలో సగము నీరే చాలునంటిమి. తుదకు స్టెప్నీని దింపుదమా యను మాట వచ్చెను. దాని బరువు తక్కువ కాదు; ఊరక మోయవలసిన బరువు.

అప్పుడు నాకు మన ఊరి పీలమేడు కుటుంబమొకటి జ్ఞప్తికి వచ్చినది. 1926లో పి. ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు ఆస్తిని పంచుకొన్నప్పుడు దానిని నాలుగు భాగములు గాక ఐదు భాగములు చేసిరి, ఐదవది ధర్మమునకు. ఆ ఐదవ భాగమునుండియే పి. ఎస్. జి. విద్యాసంస్థలు పుట్టినవి. నాలుగు చక్రములమీద నడచు బండికి ఐదవ చక్రము దండుగ యని లెక్కజూచువాడు చెప్పును. తనకు నేడు పనికిరాని దానిని తనదిగా మోయుటయే బాధ్యత యని తెలిసినవాడు చెప్పును. మేము క్రొత్త స్టెప్నీని కొని, మరియొక పెట్టెను దింపితిమి.

ఇంత చేయగా ముహూర్తము దాటినది. మాస్టరు సిలిండరు ఇంకను రాలేదు. మధుర బంధువులు సెలవులు రద్దుచేసికొనిరి. ఈ ఆలస్యమునకు మనసు సర్దుకొనుటకు నేను భారతమును తలచుకొంటిని. ద్రోణపర్వమున సైంధవవధ నాడు, ప్రొద్దు గ్రుంకకమునుపే అర్జునుని ప్రతిజ్ఞ నెరవేరవలెను, క్షణమొక యుగము. అట్టి నాడు నడియుద్ధమున కృష్ణుడు గుఱ్ఱములను విప్పి, వాని మేని బాణములను తీసి, నీరు త్రాగించి, సేదదీర్చి మరల కట్టెను. సాక్షాత్తు భగవానుడు సారథియై యుండియు, “నేనున్నాను గదా, గుఱ్ఱములు పరుగెత్తును” అనలేదు. దైవమును నమ్ముట గుఱ్ఱములకు నీరు పెట్టకుండుటకు సాకు కాదని ఇంతకంటె స్పష్టముగా ఎవరు చెప్పగలరు?

కథ ఇచ్చటితో ముగిసినచో చదువుటకు సుఖముగా నుండెడిది. కాని జరిగినది వేరు. భాగము వచ్చుటకు నాలుగు దినముల ముందు మా పెద్దమ్మ పెరటిలో కాలుజారి పడి తుంటి విరుగగొట్టుకొన్నది. శస్త్రచికిత్స జరిగినది; ప్రాణమునకు భయము లేకపోయెను. కాని దూరప్రయాణము ఇక వలదని వైద్యులు చెప్పిరి. గండికోట ఆమెకు దక్కలేదు.

బావ నన్నేమియు ననలేదు. కాని ఆయన చూపులో, “ఆనాడే పోయియుంటిమేని...” అను మాట కనబడుచుండెను. నాకును రాత్రులు అదియే మాట. పోయియున్నచో బహుశః ఏమియు జరిగియుండదు. ఆమె పెన్నను చూచియుండును. నేను సరిగా చేసిన పనియే ఆమె కోరికను చెరచినదా? క్లిఫర్డు తీర్పు ఇట నాకు కొంత ఓదార్పు నిచ్చినది: ఫలము బాగుండుట తప్పును ఒప్పు చేయనట్లే, ఫలము చెడుట ఒప్పును తప్పు చేయదు. ఆ నాడు ఆ బ్రేకులతో ఆమెను ఎక్కించుకొనుటకు నాకు హక్కు లేదు. ఈ మాటతో నేను తృప్తిపడి యుండెడివాడనే.

కాని ఒకనాటి సాయంకాలము పెద్దమ్మ మంచముమీద నుండి అడిగినది: “బండి ఆ పొద్దే పాడైందా, నాయనా?”

నిష్ఠురము లేదు. తెలిసికొనవలెనని అడిగినది, అంతియే. నేను, “లేదు పెద్దమ్మా, ముందే పాడైంది” అంటిని. “మరి ముందే చూడకపోయినావా?” అనెను. నా విచారమంతయు అంతవరకు తప్పు దినమును పట్టుకొని తిరుగుచుండినదని అప్పుడు తెలిసినది. ఆలస్యము చేసిన దినమున నేను తప్పు చేయలేదు. పెడలు మొదటిమారు దిగిననాడు, రెండు మారులు త్రొక్కి, “నిలుచుచున్నది గదా” యని ముందుకు పోతినే, ఆనాడు చేసితిని. పదినెలల క్రిందట చూచియున్నచో ఏ ఆలస్యమును ఉండెడిది కాదు. చివరిదినమున మనకెదురగు ధర్మసంకటము చాలవరకు పూర్వము మనము చూడక వదలిన సామాన్యదినముల సంతానమే. ఆ దినమున ఏ దారిని ఎన్నుకొన్నను ఏదో యొకటి నష్టమగును. నష్టము లేని దారి వెనుకనే యుండి, మూసికొనిపోయినది.

ఈ వ్యాసమును మోటారు బండ్ల కొరకే వ్రాయలేదని పాఠకులు గ్రహించియే యుందురు. మన ఇండ్లలోని తెలుగును గూర్చి అడిగినప్పుడు మనము చెప్పు జవాబేమి? “నాలుగు వందల యేండ్లు నిలిచినది, ఇకను నిలుచును.” ఇది ఓడ యజమాని మాటయే. ఇన్ని తుపానులను దాటినదను వాదమే. మధుర నాయకుల కాలమున తెలుగు వచనము ఈ గడ్డమీదనే ఏపుగా పెరిగినదనుట నిజము. దారిప్రక్కల చెట్లు నాటించి, సత్రములు కట్టించి, బాటసారికి నీడ నిచ్చిన రాణి మంగమ్మ పేరు మధుర రైల్వేస్టేషను ఎదుటి సత్రముమీద నేటికిని నిలిచియున్నది. కాని గడచిన ప్రయాణముల లెక్క, రాబోవు దిగుడునకు హామీ కాదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము తరువాత బడిలో తమిళము అందరికిని తప్పనిసరి యైనది. మనము పుట్టి పెరిగిన నేలభాష పిల్లలు నేర్చుట మంచిదే, అది మనదియు. ఐతే తెలుగునకు బడిలోని చోటు తగ్గినకొలది, ఇంటి భారము పెరిగినది. ఆ భారమును ఎవరు తూకము వేసిరి?

మూడు వరుసల పుస్తకమును ఇచటను తెరువవచ్చును. “మా పిల్లలకు తెలుగు వచ్చును” అనునది ఏ వరుసలోనిది? అవ్వతో రెండు మాటలాడుట చూచితిమా, ఒక ఉత్తరము చదివించి చూచితిమా, లేక అనుకొంటిమా? బీరువాలో భద్రపరచిన తాతగారి పుస్తకములు నేల త్రొక్కని మా స్టెప్నీ వంటివి. నిగనిగలాడుచుండును గాని, చదువువారు లేక ముసలివగును. ఇచట జేమ్సుగారి మాటకును చోటు కలదు. బిడ్డతో తెలుగులో మాటలాడుట, అతడు బదులు పలుకునను నమ్మకముతోనే ఆరంభింపవలెను. ఇది స్నేహమువంటిది, నమ్మకమును వినునది. కాని ఆ నమ్మకమే, చూడకుండుటకు సాకుగా మారినప్పుడు మాస్టరు సిలిండరు కథ యగును. రెండు మారులు అడిగినచో పిల్లవాడు ఒక తెలుగు మాట పలుకుచున్నాడు గదా యని సంతోషించు తండ్రి, రెండు మారులు త్రొక్కిన పెడలును చూచి సంతోషించిన నావంటివాడే.

1830 మే 18న చెన్నపట్టణమునుండి సుమారు నూరుమందితో కాశికి బయలుదేరి, మరుసటి సంవత్సరము సెప్టెంబరు 3న తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకి నీరు ఎట్లున్నది, అంగళ్లు కలవా, దారి ఎట్టిది అని వ్రాసిపెట్టిరి. తాను దాటిపోయిన దారిని గూర్చి అంత శ్రద్ధ ఏల? వెనుక వచ్చువారు తన చూపును నమ్మి నడతురు గనుక. మనము నేడు చూచి వ్రాయునది గూడ అట్టిదే.

మరుసటి సంవత్సరము మేము గండికోటకు పోతిమి. బండి బాగుగనే నడచినది. తిరుగు ప్రయాణమున, ఎక్కిన గేరులోనే దిగవలెనను పాత డ్రైవర్ల నియమమును పాటించి, రెండవ గేరులో తొప్పూరు కనుమ దిగితిమి. పెడలు గట్టిగా నిలిచినది. ఏమియు జరుగలేదు; దారిలో చెప్పుకొనదగిన కథ ఒక్కటియు లేదు. వెనుక బల్లమీద పెద్దమ్మకని పరచిన పరుపు అట్లే యుండెను.

ఇంటికి వచ్చి ఆమెకు లోయను, నదిని, గుడిని ఫోటోలలో చూపితిని. మెల్లగా అన్నిటిని చూచి, “బ్రేకు చూసుకొనే పోయినావా?” అని యడిగినది. “చూసుకొనే పోతిని పెద్దమ్మా” అంటిని. ఆమె తల ఊపినది. పిదప మా మనుమని పిలిచి, గుడి ద్వారముప్రక్కనున్న పలకమీది తెలుగు వ్రాతను చదువుమనెను. వాడు అక్షరమక్షరము కూడబలుకుకొనుచు, మూడవ మాటయొద్ద ఆగెను. పదినెలలు వేచియుండకుండ, ఆ రాత్రియే వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పుస్తకము తెరచితిని.